పరదేశమున ఒంటరి వాసము

పరదేశయాత్ర అనగానే మనకు ముందుగా స్ఫురించునవి విమానములు, ఆకాశమునంటు భవనములు, వింతవింత దృశ్యములు. చూచి వచ్చినవారు చెప్పునవియు అవియే, వినగోరువారు అడుగునవియు అవియే. కాని క్రొత్త ఊరిలో నాలుగు దినములుండి వచ్చుట వేరు, ఒంటరిగా సంవత్సరము కాపురముండుట వేరు. నాలుగు దినముల యాత్రికునకు కన్నులున్న చాలును. ఏడాది ఉండువానికి పొయ్యి కావలెను, పక్క కావలెను, చేతిలో చిల్లర కావలెను, జ్వరము వచ్చినపుడు తలుపు తట్టు మనిషి కావలెను. నేను చెప్పబోవునది ఈ రెండవ విధమగు జీవనమును గూర్చి.

మాది ఖమ్మం జిల్లా వేంసూరు. ఒక ప్రక్క పూర్వపు కృష్ణా, గోదావరి జిల్లాల సీమ, వేరొక ప్రక్క అశ్వారావుపేట మీదుగా భద్రాచలము దెసకు సాగిపోవు అడవులు, నడుమ వరిచేలు, మామిడితోటలు. వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటుట మాకు వింత కాదు. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక చదువు నిమిత్తము నేను అమెరికాలోని బోస్టన్ నగరమునకు పోయి, 2015 అక్టోబరు వరకు, అనగా పదునాలుగు నెలలు, అచట ఒంటరిగా నుంటిని. ఈనాడు మా వంటి పల్లెలలో సైతము బిడ్డ పరదేశముననున్న ఇండ్లు అరుదు కాదు. ఆ బిడ్డల దినచర్య ఎట్టిదో తలిదండ్రులకు తెలిసినచో వారు ఫోనులో అడుగవలసిన ప్రశ్నలు కొంత మారునని నా తలంపు.

గది సంపాదించుట మొదటి పరీక్ష. బోస్టన్ నగరమున్న మసాచుసెట్స్ రాష్ట్రమున మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, అద్దెకు మించని ధరావతు, ఈ మూడింటిని ఇంటివారు ముందుగానే కోరవచ్చును. అనగా పెట్టె దించక పూర్వమే మూడు నెలల సొమ్ము చేజారును. ధరావతును బ్యాంకులో వేరుగా నుంచి వడ్డీ ఇయ్యవలెనని అచటి చట్టము. ఇది ఎరుగక, రసీదు లేక, గది విడుచునాడు చేతులు నలుపుకొను విద్యార్థులు కలరు. సొమ్మునకు రసీదు, గోడల పగుళ్ళను కిటికీల లోపములను వ్రాసి ఇరువురును సంతకము చేసిన కాగితము, ఈ రెండింటిని మొదటి దినముననే భద్రపరచుకొనుట మేలు.

రెండవ పరీక్ష చలి. శీతకాలమున అద్దెగది పగలు 68, రాత్రి 64 ఫారెన్‌హీటు డిగ్రీలకు, అనగా మన లెక్కలో సుమారు 20, 18 డిగ్రీలకు తగ్గకుండ వెచ్చగా నుండవలెనని అచటి నియమము. నేనున్న గదిలో గోడప్రక్కనున్న ఇనుప గొట్టములలో ఆవిరి ప్రవహించి గదిని వెచ్చబరచెడిది. చలి మొదలైన తొలి రాత్రి ఆ గొట్టములు బుస కొట్టగా, పాము దూరెనేమో యని మంచముపై లేచి కూర్చుంటిని. అడవి అంచున పెరిగినవాని చెవికి ఆ శబ్దమున వేరొక అర్థము తోపదు గదా!

ఈ వెచ్చదనమునకు మరియొక ముఖము కలదు. చల్లని గాలి తనలో నీటి ఆవిరిని కొంచెముగానే ఇముడ్చుకొనగలదు. ఆ గాలినే లోనికి తెచ్చి వేడిచేసినచో దానిలోని తేమ పెరుగదు, దాని దాహము మాత్రము పెరుగును. ఆ దాహమును అది మన పెదవుల నుండి, ముక్కుపుటముల నుండి, చర్మము నుండి తీర్చుకొనును. అందుచే పెదవులు పగులును, తెల్లవారుజామున ముక్కు నుండి నెత్తురు చిందును. లోహపు తలుపుపిడిని తాకినంతనే వ్రేలికి చురుక్కుమని నిప్పురవ్వ తగులును. పొడిగాలిలో మన మేనిపై చేరిన విద్యుత్తు పోవు దారిలేక నిలిచియుండుటయే దీనికి హేతువు. ఇది యెరుగనివాడు తనకేదో పెద్ద వ్యాధి పట్టెనని భయపడును. గొట్టముపై నీళ్ళగిన్నె నుంచి, మేనికి కొబ్బరినూనె రాచుకొన్నచో చాలవరకు శాంతించును.

చిన్న విషయములని వీనిని త్రోసివేయరాదు. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1914 ఏప్రిలులో ఇంగ్లండు చేరి కేంబ్రిడ్జిలో నుండెను. ఆయన రాత్రులు చలికి వణకుచు, పై కోటు ధరించి, శాలువ కప్పుకొని నిదురించుచుండెను. పక్కపై కంబళ్ళు లేకపోలేదు. వాని అంచులు పరుపు క్రిందికి మడచి బిగించియుండుటచే, వానిని లాగి లోపల దూరవలెనని ఆయనకు ఎవ్వరును చెప్పలేదు. గదికి వచ్చిన మిత్రుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ సంగతి కనుగొని చూపెను. శాకాహారియగుటచే రామానుజన్ తన వంట తానే చేసికొనెడివాడు. ఆ సంవత్సరము ఆగస్టులో యుద్ధము వచ్చి కూరగాయలు, దినుసులు దుర్లభములాయెను. 1917లో జబ్బుపడి, ఆరోగ్యశాలలలో కాలము గడపి, 1919లో స్వదేశమునకు మరలి, 1920 ఏప్రిలు 26న ముప్పదిరెండవ యేట కన్నుమూసెను. లోకమునకెల్ల సంఖ్యల రహస్యములు చెప్పగలవానికి కంబళి ఎట్లు కప్పుకొనవలెనో చెప్పువాడు లేకపోవుట, ఒంటరి వాసమనగా ఏమో మనకు తెలుపును.

చలితో పాటు చీకటియు వచ్చును. వేంసూరులో ఎంత చిన్న పగలైనను పదునొకండు గంటలుండును. బోస్టన్‌లో డిసెంబరు పగలు తొమ్మిది గంటలు మాత్రమే. సాయంకాలము నాలుగుంబావు వేళకు సూర్యుడు క్రుంకును. తరగతి ముగిసి వెలుపలికి వచ్చుసరికి దీపములు వెలుగుచుండును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అచటి యెండ ఏటవాలుగా పడుటచే, మన చర్మము డి విటమిను తయారుచేయుటకు కావలసిన కిరణములు అందులో మిగులవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒళ్ళు నొప్పులు, కారణములేని దిగులు కలిగినచో అది కేవలము ఇంటిపై బెంగయే యని తలపక వైద్యుని చూచుట మంచిది. మధ్యాహ్నము అరగంటసేపు వెలుతురులో నడచుట ఆ నెలలలో నాకు నియమమాయెను.

ఇక భోజనము. సన్నబియ్యము, కందిపప్పు, చింతపండు, ఎండుమిరప నేడు ఆ నగరములలో భారతీయుల దుకాణములందు దొరకును. చిక్కు వండుటలో నున్నది. నేను మొదటి దినమున పప్పునకు తాలింపు పెట్టగా, మిరపకాయల పొగ పైకప్పునకు చేరి, అచట బిగించియున్న పొగ హెచ్చరిక యంత్రము ఇల్లెల్ల మారుమ్రోగునట్లు కూయనారంభించెను. అగ్నిప్రమాదమని ఇరుగుపొరుగువారు మెట్లు దిగి వీథిలో నిలిచిరి. గరిట చేతబట్టుకొని వారి యెదుట నిలిచిన నా అవస్థ చెప్పనలవి కాదు. నాటినుండి కిటికీ తెరచి, గాలిమర త్రిప్పి, సన్నని సెగపై తాలింపు పెట్టుట అలవరచుకొంటిని. ఆ మాటయే బయలుదేరు ప్రతి విద్యార్థికిని చెప్పుచుందును.

మా అమ్మ కట్టియిచ్చిన ఆవకాయ జాడీ నాతో వచ్చెను. ఊరగాయలను కస్టమ్స్ వారికి కాగితముపై వ్రాసి చూపినచో సాధారణముగా రానిత్తురు. పచ్చికాయలను, విత్తనములను, మొక్కలను గొనిపోరాదు. దాచుట తప్పు, చూపుట క్షేమము. మన మామిడిపండ్లకు ఆ దేశము పెక్కేండ్లు తలుపులు మూసియుంచెను. పండ్లలోని పురుగును వికిరణముతో నిర్వీర్యము చేయు పద్ధతికి ఒప్పుకొన్న పిదప 2007లో గాని వానిని రానీయలేదు. తోటల నడుమ పెరిగిన నాకు, ఆ దుకాణములలో మామిడిపండ్ల పెట్టె ధర చూచినప్పుడు, మా ఇంటి పెరటిలో రాలిపోవు పండ్లు గుర్తుకు వచ్చెడివి.

ధర యన్నంతనే మరియొక సంగతి. ఆనాడు డాలరు విలువ అరువది రూపాయలకు పైన. మొదటి రెండు నెలలు ప్రతి వస్తువు ధరను అరువదిచే గుణించుట నాకు వ్యసనమాయెను. డాలరు పెట్టి అరటిపండ్లు కొనబోయి వెనుదిరిగితిని. రెండు డాలర్ల కాఫీని చూచి, మా ఊరిలో పదిమందికి టీ ఇప్పించవచ్చునే యనుకొంటిని. లెక్క తప్పు కాదు, కాని ఆ లెక్కతో నేను అర్ధాకలితో నుంటిని, శరీరము చిక్కెను. ఇంటినుండి రూపాయలు వచ్చుచున్నచో అద్దె, రుసుము, భీమా వంటి పెద్ద మొత్తములను గుణించి చూచుకొనుట అవసరమే. కూరగాయలను, పాలను గుణింపరాదు. ఆకలి ఏ దేశపు నాణెమునకును కట్టుబడదు. అచట అంగడిలో వస్తువుపై వ్రాసిన ధరకు పన్ను అదనమనియు, అది ఆ రాష్ట్రమున 6.25 శాతమనియు, వంటకై కొను దినుసులపై అది లేదనియు తెలిసినచో వండుకొని తినుటలోని లాభము బోధపడును. హోటలులో తిన్నచో వడ్డించినవారికి నూటికి పదునైదు మొదలు ఇరువది వరకు ఇచ్చుట ఆచారము. వారి జీతములో చాలభాగము అదియే కాన, దానిని దానముగా తలపరాదు.

సాయంకాలములు ఫోను వేళలు. మనకును బోస్టన్‌కును వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు అంతరము. వారు మార్చిలో గడియారమును ఒక గంట ముందుకు జరిపి, నవంబరులో వెనుకకు త్రిప్పుటయే దీనికి కారణము. అమ్మ ఉదయము పొయ్యి వెలిగించువేళ నాకు రాత్రి. ఆమె మొదటి ప్రశ్న ఎల్లప్పుడును ఒక్కటే: “తిన్నావా?” నా సమాధానమును ఎల్లప్పుడు ఒక్కటే: “తిన్నానమ్మా.” ఈ సమాధానము నిజముకాని దినములు కొన్ని కలవు. దూరముననున్న బిడ్డ తలిదండ్రులకు దిగులు కలుగరాదని అబద్ధమాడును. బిడ్డకు చదువు చెడరాదని తలిదండ్రులు తమ జబ్బులను దాతురు. ఇరువైపుల ప్రేమయే ఇరువురి నడుమ తెర కట్టును. నాన్నగారికి కంటి శస్త్రచికిత్స జరిగిన సంగతి, కట్టు విప్పిన పిదపగాని నాకు తెలియలేదు.

2015 ఫిబ్రవరిలో ఆ తెర వెనుక నేనొక్కడనే మిగిలితిని. ఆ శీతకాలమున బోస్టన్‌లో 108.6 అంగుళముల మంచు పడెను. లెక్కలు వ్రాయనారంభించిన నాటినుండి అంత మంచు ఎన్నడును పడియుండలేదు. సాధారణముగా పడునది నాలుగడుగులకు అటునిటు, ఆ యేడు తొమ్మిదడుగులు. ఒకనాడు నగరమున పట్టాలపై నడచు రైళ్ళన్నియు నిలిచిపోయెను. ఆ దినములలోనే నాకు జ్వరము వచ్చెను. అంబులెన్సు పిలుచుటకు 911 అను సంఖ్య నెరుగుదును. విద్యార్థులకు ఆరోగ్య భీమా అచటి చట్టము ప్రకారము తప్పనిసరి గనుక అదియు నాకు కలదు. ఐనను, ఎంత ఖర్చగునో యను భయముతో, రేపు తగ్గునను ఆశతో, పక్కపైననే యుంటిని. రెండు దినములు గంజి కాచుకొను శక్తియు లేకపోయెను. అమ్మ ఫోను చేసినపుడు మాత్రము గొంతు సవరించుకొని, “తిన్నానమ్మా” అంటిని.

ఆ నగరమున మంచు ఆగిన మూడు గంటలలో ఇంటిముందరి కాలిబాటను శుభ్రము చేయవలెనని నియమము. మా ఇంటి మెట్లు, బాట శుభ్రము చేయుట నా వంతుగా ఒప్పుకొనియుంటిని. మూడవనాటి ఉదయము తలుపు చప్పుడాయెను. ఎదురింటి వృద్ధురాలు, చేతికర్రతో, మోకాలిలోతు మంచులో త్రోవ చేసికొని వచ్చి నిలిచియుండెను. “మీ మెట్ల మీద అడుగు పడలేదు. మీరు మంచు తీయకుండా ఉండే మనిషి కారు. అందుకని చూడవచ్చాను” అనెను. అంతవరకు ఆమెకును నాకును తల యూచి పలుకరించుకొనుట తప్ప పరిచయము లేదు. ఆమె నా నుదురు తాకి చూచి, తన ఫోనుతో వైద్యసహాయము కోరి, వాహనము వచ్చువరకు నా చెంతనే కూర్చుండెను. ఊపిరితిత్తులకు చేరిన జ్వరమని, ఇంకను ఆలస్యమైనచో ప్రమాదమగునని వైద్యులు చెప్పిరి. భయపడిన ఖర్చులో అధికభాగము భీమా భరించెను.

కోలుకొన్న పిదప మేమిద్దరము ఒక ఏర్పాటు చేసికొంటిమి. ప్రతి ఉదయము ఎనిమిది గంటల లోపల నేను నా కిటికీ తెర ఎత్తవలెను, ఆమె తన తెర ఎత్తవలెను. ఎత్తనిచో రెండవవారు ఫోను చేయవలెను. ఆమెయు ఒంటరిదే. ఇన్నేండ్లు అదే వీథిలో నున్నను, తన తెర కొరకు చూచువారు ఆమెకు లేకపోయిరి. ఒంటరితనము పరదేశికి మాత్రమే కలుగునని అంతవరకు నేననుకొనెడివాడను.

మరల వైద్యుని చూచుటకు నేను పోయిన ఆ ఆసుపత్రుల పేటతో మన తెలుగువాని కథ ఒకటి ముడిపడియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1920వ దశకపు తొలి సంవత్సరములలో, మామగారి సొమ్ముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయముతోను, బోస్టన్ చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదువుటకు ప్రవేశము దొరకెను గాని భత్యము దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు, పగలు చదివెను. స్వదేశమున వైద్యుడైనవాడు పరదేశమున ఆ పని చేసెను. అది ఆయనకు అవమానముగా తోచెనో లేదో మనము చెప్పజాలము. ఆ జీతముతో ఆయన నిలిచెననుట మాత్రము సత్యము.

పిదప జరిగినది శాస్త్రచరిత్ర. సైరస్ ఫిస్కెతో గూడి శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను ద్రవ్యములపై వారి పరిశోధన తరువాత వెలువడెను. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిదప ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారీ మొదలగు పెక్కు కార్యములు నెరవేరెను. కాని భార్య శేషగిరిగారు ఎదురుచూచిన కార్యము ఒక్కటి నెరవేరలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని 1923లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియుండెను. 1946లో చట్టము మారినను ఆయన ఆ పౌరసత్వమును స్వీకరింపలేదు. రెండు దేశముల నడుమనే నిలిచి, 1948 ఆగస్టులో ఏబదిమూడవ యేట ఒంటరిగా మరణించెను.

ఆయన రాలేదు గాని ఆయన మందు వచ్చెను. బోదకాలు వ్యాధికి ఆయన బృందము 1947లో వెలువరించిన డి.ఇ.సి. ఔషధమునే, మన తెలుగు జిల్లాలు పెక్కింటిలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి, ఎదుట నిలిచి మ్రింగించిరి. ఆ మాత్ర చేతబట్టుకొన్నవారిలో ఎందరికి ఆయన పేరు తెలియును? కావున తిరిగి వచ్చినవాడే కృతార్థుడని నేననను. కాని బయలుదేరునాడు తిరిగి వచ్చు దినమును గూర్చి ఇంటివారితో తేటగా మాటాడుకొనుట అవసరమనియు, ఆ దినము మారినచో ఆ మార్పును సైతము దాచక చెప్పుట ధర్మమనియు మాత్రము అందును. ఎదురుచూపునకు ఒక తేది యున్నచో మనిషి దానిని భరింపగలడు.

నా చదువు ముగియుసరికి అచటనే మరి రెండేండ్లుండుటకు ఒక అవకాశము వచ్చెను. ఆనాడు మొదటిసారిగా అమ్మతో నిజము చెప్పితిని: ఫిబ్రవరి జ్వరము, మెట్లపై పేరుకొన్న మంచు, తినకయే తింటినన్న దినములు, అన్నియు. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, తనకు మోకాళ్ళు నొప్పులనియు, నాన్నగారి రెండవ కంటికి సైతము చికిత్స కావలసియున్నదనియు చెప్పెను. “ఉంటావో, వస్తావో నీ ఇష్టం. ఇక దాచుకోవద్దు, అంతే” అనెను. నేను అక్టోబరులో వచ్చితిని. ఉండిపోయిన నా సహాధ్యాయులు కొందరు సుఖముగనే యున్నారు. వారి నిర్ణయము తప్పని నేననను.

బయలుదేరు బిడ్డకు మనము కట్టియిచ్చు మూటలో ఆవకాయ, ఉన్నిబట్టలు, మందులు ఉండనే యుండును. వానితో పాటు మరి మూడు సంగతులను చేర్చుడు. జబ్బు చేసినచో ఎవరిని పిలువవలెనో, భీమా కాగితము ఏమి చెప్పుచున్నదో ముందుగనే చదివి తెలిసికొనుట ఒకటి. మొదటి వారముననే ఇరుగుపొరుగులలో ఒకరితో, ఒక దినము కనబడనిచో విచారింపుడని చెప్పియుంచుట రెండు. ఫోనులో ఇరువురును నిజమే పలుకుదుమను ఒడంబడిక మూడు. “తిన్నావా?” అను ప్రశ్నను మాత్రము మానవలదు. అది చిన్న ప్రశ్న కాదు. దానికి నిజమగు సమాధానము వచ్చుచున్నంత కాలము బిడ్డ ఎంత దూరమున నున్నను పూర్తిగా ఒంటరివాడు కాడు.

నేటికిని ఉదయము ఎనిమిది గంటలకు వేంసూరులో మా ఇంటి కిటికీ తెరను తప్పక ఎత్తుచున్నాను. అచట అప్పటికి రాత్రి. కొన్ని గంటలకు, అచట తెల్లవారినపుడు, ఆ వృద్ధురాలి నుండి ఒక చిన్న సందేశము వచ్చును: “తెర ఎత్తాను.”